డ్యూటీలో యాసిడ్ పడి సొంత బట్టలు పాడైతే కంపెనీని కొత్తవి అడగొచ్చా? ఎలా అడగాలి?

బాచుపల్లి_బస్‌స్టాప్
అందరికీ నమస్తే. మా బస్తీలో ఒకతని తరఫున అడుగుతున్నాను. బల్క్ డ్రగ్ యూనిట్ (మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీ), ప్రొడక్షన్ బ్లాకు, కాంట్రాక్టర్ కింద హెల్పర్. కంపెనీ ఇచ్చినవి కాటన్ ఏప్రాన్, గ్లౌజులు, హెల్మెట్. చొక్కా, ప్యాంటు, బూట్లు అతని సొంతవి. సల్ఫ్యూరిక్ యాసిడ్‌ను డ్రమ్ము నుంచి డే ట్యాంకుకు (రోజువారీ వాడకానికి నింపుకునే ట్యాంకు) ఎక్కిస్తుంటే హోస్ (గొట్టం) ఊడి తొడ మీద, మోచేతి మీద చిందింది. వెంటనే షవర్ కింద నిలబెట్టారు కాబట్టి చర్మం కాస్త ఎర్రబడటంతో సరిపోయింది. ప్యాంటు జల్లెడైంది, చొక్కా చెయ్యి ఊడిపోయింది, బూటు పైతోలు పగిలింది.

సూపర్‌వైజర్ ‘బట్టలు నీవి, కంపెనీకేం సంబంధం’ అంటున్నాడట. కాంట్రాక్టర్ మూడు వందలు చేతిలో పెడతానంటున్నాడు. చట్టంలో ఏముంది? ఎవరిని అడగాలి, ఎంత అడగాలి? పాడైన బట్టలు దాచిపెట్టాలా, పారేయాలా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

సేఫ్టీ_రిజిస్టర్
ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఒంటి మీద ఉన్నవన్నీ ఒక లెక్కలోకి రావు. రక్షణ కోసం ఇచ్చేవి, అంటే ఏప్రాన్, పీవీసీ సూటు, గమ్‌బూట్లు, ఫేస్ షీల్డు ఒక రకం. యూనిఫాం ఇంకో రకం. ఇంటి నుంచి వేసుకొచ్చిన బట్టలు మూడో రకం. మొదటి రకం పాడైతే కొత్తది ఇవ్వడం యాజమాన్యం బాధ్యత, దానికి డబ్బు అడగడానికి వీల్లేదు. యూనిఫాం సంగతి నియామక పత్రంలోనో, యూనియన్ ఒప్పందంలోనో, కంపెనీ పాలసీలోనో ఉంటుంది. మూడోదానికి ‘కార్మికుడి సొంత చొక్కా చిరిగితే యజమాని కొనివ్వాలి’ అని సూటిగా చెప్పే సెక్షన్ మన దగ్గర లేదు. సూపర్‌వైజర్ ధైర్యం అదే.

కానీ ఇక్కడ అడగాల్సిన ప్రశ్న వేరు. యాసిడ్ ఎక్కించే చోట సొంత ప్యాంటు యాసిడ్‌కు ఎదురుగా ఎందుకుంది? ఆ పనికి పీవీసీ సూటు గానీ, కనీసం మోకాళ్ల కిందకు దిగే యాసిడ్‌ప్రూఫ్ ఏప్రాన్ గానీ, దానితోపాటు గమ్‌బూట్లు, కళ్లకు గాగుల్స్, పైన ఫేస్ షీల్డు ఉండాలి. కాటన్ ఏప్రాన్ యాసిడ్‌ను ఆపదు, పీల్చుకుని ఒంటికి అంటిపెడుతుంది. సరైన సూటు ఇచ్చి ఉంటే ప్యాంటు పాడయ్యేదే కాదు. కాబట్టి చొక్కా నష్టాన్ని ‘పీపీఈ (ఒంటికి రక్షణగా ఇచ్చే సామగ్రి) ఇవ్వనందువల్ల వచ్చిన నష్టం’గా రాయాలి. దయతలచి కొనిపెట్టమన్నట్టు రాస్తే మూడు వందల దగ్గరే ఆగిపోతుంది.

ఇంకోటి, ఇది తక్షణం చేయాల్సింది: ఇన్సిడెంట్ రిపోర్టు రాశారా లేదా? ఫస్ట్ ఎయిడ్ రిజిస్టర్‌లో పేరు ఎక్కిందా? 48 గంటలు లేదా అంతకు మించి పనికి రాలేని గాయమైతేనే ప్రభుత్వ ఇన్‌స్పెక్టరుకు నోటీసు వెళ్తుంది. ఇది అంత గాయం కాదు కాబట్టి బయట ఎక్కడా నమోదు కాదు. లోపలి రిజిస్టర్‌లో కూడా లేకపోతే జరగనట్టే లెక్క.

బాచుపల్లి_బస్‌స్టాప్
ఫస్ట్ ఎయిడ్ రూమ్‌లో ఆయింట్‌మెంట్ రాసి పేరు రాసుకున్నారట. ఇన్సిడెంట్ రిపోర్టు సంగతి అతనికి తెలియదు. చట్టం పేర్లు కూడా చెప్పండి అన్నా, ఉత్తరంలో రాసుకుంటాం.

లేబర్_ఆఫీస్_మెట్లు
చట్టం సంగతి నేను చెప్తాను. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. కాబట్టి పాత పేరు, కొత్త పేరు రెండూ తెలిసుండాలి. ఆఫీసుల్లో చాలామంది నోట ఇంకా పాత పేర్లే ఉన్నాయి.

1948 ఫ్యాక్టరీల చట్టం 114వ సెక్షన్: చట్టప్రకారం సమకూర్చాల్సిన ఏర్పాట్లకు, పరికరాలకు కార్మికుడి దగ్గర రుసుము వసూలు చేయకూడదు. అదే మాట ఇప్పుడు 2020 నాటి వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 6వ సెక్షన్‌లో యజమాని విధుల కింద ఉంది. భద్రత, ఆరోగ్యం కోసం చేసిన దేనికీ ఉద్యోగి మీద ఖర్చు వేయకూడదు.

‘కాంట్రాక్టర్ మనిషి కదా’ అని కంపెనీ తప్పించుకోలేదు. పాత ఫ్యాక్టరీల చట్టంలో కార్మికుడు అన్న నిర్వచనంలోనే కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. ప్లాంటు లోపల భద్రత చూడాల్సింది ఫ్యాక్టరీ నడిపేవాళ్లు. అందుకే ఉత్తరం ఇద్దరికీ ఇవ్వాలి. ఒక్క కాంట్రాక్టర్‌కే ఇస్తే అతను చించేస్తాడు, కంపెనీకి తెలియనే తెలియదు.

20 మంది లేదా అంతకంటే ఎక్కువ కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలని పారిశ్రామిక సంబంధాల కోడ్ చెబుతుంది. అందులో యాజమాన్యం వైపు ఎంతమందో కార్మికుల వైపు అంతమంది ఉండాలి, మొత్తం పది మందికి మించకూడదు. ఘటన జరిగిన ఏడాదిలోపు దరఖాస్తు ఇవ్వొచ్చు, కమిటీ 30 రోజుల్లో తేల్చాలి. దాని తీర్పు నచ్చకపోతే 60 రోజుల్లోపు యూనియన్ ద్వారా కన్సిలియేషన్ అధికారి (రాజీ కుదిర్చే ప్రభుత్వ అధికారి) దగ్గరకు వెళ్లొచ్చు. ప్యాంటు కోసం ఇంతదూరం వెళ్లమని చెప్పను. కానీ కమిటీ పేరు ఉత్తరంలో కనిపిస్తే హెచ్ఆర్‌లో ఫైలు కదులుతుంది.

ఈఎస్‌ఐ, 1923 నాటి పరిహార చట్టం (ఇప్పుడు రెండూ సామాజిక భద్రత కోడ్‌లోకి వచ్చాయి) శరీరానికి తగిలిన గాయానికే. బట్టల ధర వాటిలో రాదు. చాలామంది ఈఎస్‌ఐ డిస్పెన్సరీలో అడిగి వెనక్కి వస్తుంటారు, ఆ తిప్పలు వద్దు.

పరవాడ_షిఫ్ట్_సి
బట్టల సంగతి ఎవరూ చెప్పలేదు, అసలు గొడవంతా అక్కడే మొదలవుద్ది. యాసిడ్ పడిన బట్ట అప్పటికప్పుడు చిరగదు. 98 శాతం సల్ఫ్యూరిక్ అయితే కాటన్‌లో నీటిని లాగేసి అక్కడికక్కడే నల్లగా మాడ్చేస్తుంది, అది కనిపిస్తుంది. పల్చని యాసిడ్ అట్టా కాదు. బ్యాటరీ యాసిడ్ తీసుకోండి, సుమారు 37 శాతం ఉంటుంది. చుక్క పడితే తడి మచ్చలాగే ఉంటుంది. నీరు ఆరుతుంది గానీ యాసిడ్ ఆరదు. నీరు పోయేకొద్దీ చిక్కబడి, కాటన్ నారలోని సెల్యులోజ్ గొలుసుల్ని తెంపుకుంటూ పోతుంది. ఇంటికెళ్లి ఉతికి పిండినప్పుడు అక్కడ కన్నం పడుతుంది. మూడో రోజున చొక్కా పట్టుకెళ్తే ‘ఇంట్లో ఎక్కడో చింపుకున్నావు’ అంటారు. అందుకని చిల్లు కనిపించినా లేకపోయినా, చింది పడిన షిఫ్టులోనే చెప్పి రాయించాలి.

ఏ రసాయనం ఏ బట్టను తింటుందో తెలిస్తే వాదన గట్టిపడుతుంది.

కాటన్‌కు యాసిడ్ శత్రువు. కాస్టిక్ సోడాకు మాత్రం కాటన్ చాలావరకు తట్టుకుంటుంది. పాలిస్టర్ మామూలు పల్చని యాసిడ్‌కు తట్టుకుంటుంది గానీ వేడి కాస్టిక్ దాన్ని అరగదీస్తుంది. నైలాన్ ఫార్మిక్ యాసిడ్‌లో, ఫినాల్‌లో కరిగిపోతుంది. ఉన్నికి, పట్టుకు కాస్టిక్ తగిలితే జిగురైపోతాయి. నైట్రిక్ పడితే వాటి మీద పసుపు మచ్చ వస్తుంది, అది పోదు. చర్మం మీద వచ్చే పసుపు కూడా అదే.

కాబట్టి రిపోర్టులో ‘కెమికల్ పడింది’ అని వదిలేయకుండా ఏ కెమికల్, ఎంత శాతం, ఏ బట్ట, ఎక్కడ అని రాయాలి. ‘98 శాతం సల్ఫ్యూరిక్, కాటన్ ప్యాంటు కుడి తొడ ముందుభాగం, జానెడు మేర మాడి చిల్లులు’ అని ఉంటే కాదనడానికి ఏమీ మిగలదు.

బాచుపల్లి_బస్‌స్టాప్
చాలా ఉపయోగపడే మాట అన్నా. మరి ఆ ప్యాంటు ఇప్పుడు ఇంట్లోనే ఉంది, పాలిథిన్ కవర్లో పెట్టాడు. ఏం చెయ్యాలి?

పరవాడ_షిఫ్ట్_సి
ఇంట్లో ఉంచొద్దు, మిగతా బట్టలతో కలిపి నానబెట్టొద్దు. యాసిడ్ ఇంకా అందులోనే ఉంటే పిల్లల చేతికి కూడా తగలొచ్చు. ఇలా చేయండి. రబ్బరు గ్లౌజులు, కళ్లజోడు పెట్టుకుని, ఆరుబయట కుళాయి కింద పారే నీళ్లలో బాగా కడగాలి. కొద్ది నీళ్లున్న బకెట్‌లో ముంచొద్దు, చిక్కటి యాసిడ్‌కు కొంచెం నీళ్లు తగిలితే వేడెక్కి చిమ్ముతుంది. కడిగాక బకెట్ నీళ్లలో రెండు మూడు చెంచాల తినే సోడా కలిపి అందులో వెయ్యాలి. నురగ రావడం ఆగాక మళ్లీ మంచినీళ్లతో జాడించి, పీహెచ్ కాగితం (యాసిడ్ ఉంటే రంగు మారేది) దొరికితే తడి బట్ట మీద అద్ది చూడండి. ఎర్రగా మారకపోతే ఆరేయొచ్చు. సోడా బట్టకే, ఒంటి మీద పడినప్పుడు సోడా రాయొద్దు. ఒంటికి కనీసం పదిహేను నిమిషాలు పారే నీళ్లే.

కడిగే ముందే ఫోటోలు తీయండి. చిల్లుల పక్కన స్కేలు పెట్టి ఒకటి, ప్యాంటు మొత్తం కనిపించేలా ఒకటి. ఆరాక కవర్లో వేసి రసాయనం పేరు, తేదీ, షిఫ్టు రాసిన చీటీ అంటించి సేఫ్టీ డిపార్ట్‌మెంట్‌కు అప్పగించి ముట్టినట్టు సంతకం తీసుకోండి.

సేఫ్టీ_రిజిస్టర్
దీనికి ఒకటి కలుపుతాను. సల్ఫ్యూరిక్ కాబట్టి కడిగి ఇవ్వొచ్చు. హార్మోన్ మందులు, క్యాన్సర్ మందులు, సెఫలోస్పోరిన్లు అనే యాంటీబయోటిక్‌లు తయారయ్యే బ్లాకుల్లో పొడి పడిన బట్ట గేటు దాటి బయటికి రాకూడదు. అక్కడే విప్పి, సీలు వేసి, ప్రమాదకర వ్యర్థం కింద హైదరాబాద్ దగ్గరి దుండిగల్‌లోనో, విశాఖ వైపైతే పరవాడలోనో ఉన్న శుద్ధి కేంద్రానికి పంపాలి. అలాంటి చోట కంపెనీయే మీ చొక్కా తీసేసుకుంటుంది కాబట్టి బదులు ఇవ్వక తప్పదు. తీసుకున్నప్పుడు ఏ వస్తువులు తీసుకున్నారో రాసిన చీటీ ఇమ్మనండి. వేసుకుని ఇంటికెళ్లడానికి బట్టలు ఇవ్వాల్సిందీ వాళ్లే. ఆ బ్లాకుల్లో అదనపు జతలు స్టోర్‌లో ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి.

హెచ్ఆర్_కౌంటర్
మా వైపు నుంచి ఫైలు ఎలా నడుస్తుందో చెప్తాను. నోటిమాటగా ‘బట్టలు పాడయ్యాయి’ అంటే ఏ ఖాతాలో రాయాలో అకౌంట్స్‌కు తెలియదు, అందుకే కాదంటారు. వచ్చిన కాగితానికి ఇన్సిడెంట్ రిపోర్టు నంబరు ఉంటే సేఫ్టీ ఖర్చు కింద గానీ, సిబ్బంది సంక్షేమం కింద గానీ వెళ్తుంది. డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకం, సేఫ్టీ సంతకం రెండూ ఉంటే చిన్న మొత్తాన్ని ఆపేవాళ్లు ఉండరు.

ఎంత అడగాలన్నది రెండో సంగతి. పాత బట్టకు కొత్త బట్ట ధర పూర్తిగా అడిగితే బేరం మొదలవుతుంది, నెల పడుతుంది. లెక్క చూపి అడిగితే త్వరగా తెగుతుంది. ఉదాహరణకు ప్యాంటు కొన్నది 1,100, రెండేళ్లు వస్తుందనుకుంటే 24 నెలలు, పది నెలలు వాడాడు, మిగిలింది 14 నెలలు. 1,100ను 24తో భాగించి 14తో గుణిస్తే 642. చొక్కా 800, ఆరు నెలలు వాడితే మిగిలిన 18 నెలలకు 600. బూట్లు 1,400, ఏడాది ఆయుష్షు, ఆరు నెలలు వాడితే 700. మొత్తం 1,942. బిల్లు లేకపోతే అలాంటిదే ఇప్పుడు ఎంతకు అమ్ముతున్నారో షాపు కొటేషన్ పెట్టినా సరిపోతుంది. ఇవి ఊరికే వేసిన అంకెలు, అసలు ధరలు మీరు పెట్టుకోండి.

సేఫ్టీ_రిజిస్టర్
లెక్క బాగుంది గానీ బూట్లు అందులోంచి తీసేయండి. యాసిడ్ దగ్గర పనిచేసే మనిషికి సేఫ్టీ షూ, గమ్‌బూటు పీపీఈ. అతను సొంత బూట్లు వేసుకొచ్చాడంటే కంపెనీ ఇవ్వలేదనే అర్థం. దానికి అరుగుదల లెక్కేసి 700 తీసుకుంటే ఇవ్వాల్సిన వస్తువును సగం ధరకు మనమే వదులుకున్నట్టు. బూట్లు డబ్బుగా కాకుండా వస్తువుగా అడగండి: ఐఎస్ (భారత ప్రమాణం) 15298 రెండో భాగం గుర్తు ఉన్న సేఫ్టీ షూ ఒక జత, యాసిడ్ పనికి పీవీసీ గమ్‌బూట్లు ఒక జత, సైజుతో సహా. ప్యాంటు అంచు గమ్‌బూటు లోపలికి దోపకూడదు, బయటే ఉండాలి. లోపలికి దోపితే కారిన యాసిడ్ నేరుగా పాదంలోకి దిగుతుంది. శిక్షణలో చెప్పాల్సిన ఈ మాట చాలా చోట్ల చెప్పరు.

డబ్బు భాగం ప్యాంటు, చొక్కా మాత్రమే: 1,242.

హెచ్ఆర్_కౌంటర్
ఒప్పుకుంటున్నాను. అలా విడగొడితే మాకూ తేలిక. బూట్లు స్టోర్ ఇండెంట్‌తో (స్టోర్ నుంచి వస్తువు ఇప్పించే చీటీ) వెళ్తాయి, 1,242 వోచర్‌తో వెళ్తుంది.

గ్యారేజీ_గుంత
కాంట్రాక్టర్ ఇస్తానన్న మూడు వందలు ఇప్పుడు తీసుకుని, మిగతాది తర్వాత అడిగితే తప్పేంటి? చేతికొచ్చేది వదులుకోవడం ఎందుకు? రోజుకూలీ మీద బతికేవాడికి రేపటికి ప్యాంటు కావాలి కదా.

లేబర్_ఆఫీస్_మెట్లు
తీసుకోవచ్చు, అవసరం నాకూ అర్థమవుతుంది. తీసుకునేటప్పుడు ఏ కాగితం మీద సంతకం పెడుతున్నాడో చూసుకోవాలి. ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అని ఉంటే పెట్టొద్దు. ‘పాడైన బట్టల బాపతు అడ్వాన్సుగా రూ. 300 ముట్టింది’ అని తానే రాసి, తేదీ వేసి సంతకం చేసి, ఫోటో తీసుకోవాలి. అడ్వాన్సు అన్న మాట ఉంటే మిగతాదానికి దారి మూసుకుపోదు.

ఇంకో ప్రమాదం ఉంది. ఆ మూడు వందలు వచ్చే నెల జీతంలోంచి కోసేయడం చాలాచోట్ల జరుగుతుంది. పే స్లిప్ చూసుకోవాలి.

గ్యారేజీ_గుంత
సరే, అలా అయితే న్యాయమే. కోతల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. సెక్యూరిటీ గార్డులకు, హౌస్‌కీపింగ్ వాళ్లకు యూనిఫాం డబ్బు జీతంలో కోస్తారు. పాడైతే మళ్లీ కోస్తారు. అది చెల్లుతుందా?

లేబర్_ఆఫీస్_మెట్లు
జీతంలోంచి ఏమేం కోయొచ్చో చట్టంలో పట్టిక ఉంది, పట్టికలో లేనిది కోయకూడదు. 1936 వేతనాల చెల్లింపు చట్టంలో 7వ సెక్షన్, ఇప్పుడు 2019 వేతనాల కోడ్‌లో 18వ సెక్షన్. వస్తువు పాడైనందుకు కోయాలంటే, ఆ వస్తువును ఉద్యోగికి ప్రత్యేకంగా అప్పగించి ఉండాలి, అతని నిర్లక్ష్యం వల్లే నేరుగా నష్టం జరిగి ఉండాలి. కోసేముందు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. నష్టం ఎంతో అంతకు మించి కోయకూడదు. అన్ని కోతలూ కలిపి జీతంలో సగం దాటకూడదు.

యాసిడ్ హోస్ ఊడి ఏప్రాన్ కాలితే అది కార్మికుడి నిర్లక్ష్యం కాదు. మామూలుగా వాడి వాడి చిరిగిన యూనిఫాం కూడా నిర్లక్ష్యం కాదు. అలాంటి కోతల మీద క్లెయిమ్ పెట్టడానికి వేతనాల కోడ్ 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల గడువు ఉంది. పాత చట్టంలో అది పన్నెండు నెలలే. పే స్లిప్పులు దాచుకోమని చెప్పేది ఇందుకే.

ఒక్కటి గుర్తుంచుకోండి: ఇచ్చిన పీపీఈని కావాలని పాడుచేస్తే, వేసుకోకుండా పక్కన పెడితే కార్మికుడికీ చట్టంలో బాధ్యత ఉంది. ‘సూటు ఇచ్చాం, వేసుకోలేదు’ అని కంపెనీ చూపించగలిగితే ఈ వాదనంతా బలహీనపడుతుంది. పీపీఈ ఇష్యూ రిజిస్టర్‌లో అతని సంతకం ఎక్కడెక్కడ ఉందో ముందే కనుక్కోండి. తీసుకోని వస్తువుకు సంతకం పెట్టించుకోవడం మామూలే.

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఆసుపత్రుల సంగతి కూడా ఇక్కడే రాస్తున్నాను, వెతుక్కునేవాళ్లకు ఉపయోగపడుతుంది. మా దగ్గర ఎక్కువగా పాడుచేసేది సోడియం హైపోక్లోరైట్. నేల తుడవడానికి 1 శాతం ద్రావణం వాడతారు. చుక్క పడితే రంగు పోతుంది, అది మరక కాదు, రంగే విరిగిపోయింది కాబట్టి ఏం చేసినా తిరిగిరాదు. డ్రై క్లీనింగ్ ఖర్చు ఇస్తామంటే ఒప్పుకోవద్దు, ప్రయోజనం లేదు. కాటన్ కూడా క్రమంగా బలహీనపడుతుంది. లెగ్గింగ్స్‌లో సాగే దారం ఉంటుంది, దాన్ని హైపో ఇంకా త్వరగా తింటుంది. హైపో కలిపేవాళ్లకు ప్లాస్టిక్ ఏప్రాన్ ఇవ్వడం ఆసుపత్రికి కొత్త చీర కొనివ్వడం కంటే చవక. ఉత్తరంలో ఆ మాట రాస్తే మేట్రన్ స్థాయిలోనే పని అయిపోతుంది.

రక్తం పడిన సొంత బట్టలను ఇంటికి తీసుకెళ్లి ఉతకమనడం సరికాదు. రక్తంతో తడిసిన బట్టలు ఆసుపత్రి లాండ్రీలోనో, పారేయాల్సినవైతే 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం పసుపు సంచిలోనో వెళ్లాలి. మార్చుకోవడానికి స్క్రబ్స్ (ఆసుపత్రిలో వేసుకునే దుస్తులు) జత ఇవ్వమని అడగండి. రక్తపు బట్టను ముందు చన్నీళ్లలోనే నానబెట్టాలి. వేడినీళ్లు పోస్తే ప్రొటీన్ గట్టిపడి మరక దారాల్లో పట్టేస్తుంది.

వెల్డింగ్_తమ్ముడు
వెల్డింగ్ దగ్గర ఇంకోరకం. నిప్పురవ్వలకు చొక్కా కన్నాలు పడటం రోజూ ఉండేదే, రవ్వ పడిన ప్రతి చొక్కాకూ కొత్తది అడగడం కుదరదు. తోలు ఏప్రాన్, తోలు చేతొడుగులు, కాళ్లకు లెగ్ గార్డులు అడగాలి. అవి ఉంటే చొక్కా బతుకుతుంది. చొక్కా మాత్రం మందపాటి కాటన్ ఉండాలి. పాలిస్టర్ దాదాపు 260 డిగ్రీల దగ్గర కరిగి చర్మానికి అంటుకుంటుంది, అప్పుడు కాలిన గాయం లోతుగా దిగుతుంది. కాబట్టి కంపెనీ మెరిసే పాలిస్టర్ యూనిఫాం ఇస్తే, చిరిగినందుకు కాదు, బట్ట రకం మార్చమని అడగండి. జేబు మూత లేకపోతే రవ్వ జేబులో పడుతుంది, ప్యాంటు అంచు మడిచినా అంతే.

డల్లాస్_దారి
విదేశాల్లో ఉన్న మనవాళ్లు కూడా చదువుతారు కాబట్టి అమెరికా సంగతి క్లుప్తంగా. అక్కడ ఓషా (కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) నియమం 1910.132 ప్రకారం అవసరమైన పీపీఈకి యజమానే డబ్బు పెట్టాలి. మామూలు ఉక్కుముక్కు సేఫ్టీ బూట్లు బయట కూడా తొడుక్కునేలా ఉంటే వాటికీ, రోజువారీ బట్టలకూ మినహాయింపు ఉంది. కాలిఫోర్నియా చట్టం మాత్రం వేరు. అక్కడి లేబర్ కోడ్ 2802 సెక్షన్ ప్రకారం పని చేస్తున్నందువల్ల నేరుగా వచ్చిన అవసరమైన ఖర్చులు, నష్టాలు యజమాని భరించాలి. గిడ్డంగిలో యంత్రానికి తగులుకుని జాకెట్ చిరిగితే ఆ సెక్షన్ చూపించి అడగొచ్చు. టెక్సస్‌లో అలాంటిది లేదు, కంపెనీ హ్యాండ్‌బుక్ చూడాల్సిందే.

బాచుపల్లి_బస్‌స్టాప్
అందరికీ ధన్యవాదాలు. ఉత్తరం ఇలా రాశాం, తప్పులుంటే చెప్పండి.

‘తేదీ: …
ప్రొడక్షన్ మేనేజర్ గారికి, కాంట్రాక్టర్ గారికి.
విషయం: యాసిడ్ చిందడం వల్ల పాడైన బట్టల గురించి ప్రార్థన.
అయ్యా, … తేదీన ఎ షిఫ్టులో ఉదయం సుమారు 10 గంటల 40 నిమిషాలకు సల్ఫ్యూరిక్ యాసిడ్‌ను డ్రమ్ము నుంచి డే ట్యాంకుకు ఎక్కిస్తుండగా హోస్ ఊడి నా మీద యాసిడ్ చిందింది. నా ప్యాంటు కుడి తొడ ముందుభాగం, చొక్కా ఎడమ చెయ్యి, కుడి బూటు పైతోలు పాడయ్యాయి. ఫస్ట్ ఎయిడ్ రిజిస్టర్‌లో నమోదైంది. ఆ సమయంలో నాకు ఇచ్చినవి కాటన్ ఏప్రాన్, గ్లౌజులు, హెల్మెట్ మాత్రమే. దయచేసి పరిశీలించి ప్యాంటుకు, చొక్కాకు రూ. 1,242, బూట్లు ఇప్పించగలరని ప్రార్థిస్తున్నాను.’

సేఫ్టీ_రిజిస్టర్
బాగుంది, నాలుగు మార్పులు. ‘యాసిడ్’ పక్కన శాతం రాయండి, డ్రమ్ము లేబుల్ మీద ఉంటుంది. బూట్లు అని వదిలేయకుండా పైన చెప్పినట్టు రకం, సైజు రాయండి. ఇకపై యాసిడ్ పనికి పీవీసీ సూటు, ఫేస్ షీల్డు, ఆ యాసిడ్‌కు తగిన గ్లౌజులు ఇవ్వాలని ఒక వాక్యం చేర్చండి. పల్చటి నైట్రైల్ గ్లౌజులు 98 శాతం సల్ఫ్యూరిక్‌కు నిలవవు, బ్యూటైల్ గానీ నియోప్రీన్ గానీ కావాలి. ఏది సరైనదో సేఫ్టీ డేటా షీట్ (ఆ రసాయనం జాగ్రత్తలు రాసిన పత్రం) 8వ సెక్షన్‌లో ఉంటుంది, దాని కాపీ అడిగే హక్కు ఉంది.

నాలుగోది హోస్. అది ఎందుకు ఊడిందో రాయకపోతే రేపు ఇంకొకరి ప్యాంటు పోతుంది, లేదా కన్ను పోతుంది. మామూలుగా కారణాలు మూడే కనిపిస్తాయి: స్క్రూ క్లిప్ ఒక్కటే వేయడం, అది వదులవడం. హోస్‌లో ఒత్తిడి దింపకుండా విప్పడం. పంపు లేదని డ్రమ్ములోకి గాలి కొట్టి యాసిడ్‌ను తోయడం. మూడోది అస్సలు చేయకూడదు, డ్రమ్ము ఆ ఒత్తిడికి తయారైంది కాదు, పగులుతుంది. పిన్ను ఉన్న క్యామ్‌లాక్ కప్లింగులు (గొట్టం ఊడకుండా బిగించే జోడింపులు), ఫ్లాంజీలకు (పైపులు కలిసే అంచులు) గార్డులు పెట్టమని సేఫ్టీ కమిటీకి రాయండి.

బాచుపల్లి_బస్‌స్టాప్
సేఫ్టీ కమిటీ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

సేఫ్టీ_రిజిస్టర్
నోటీసు బోర్డు మీద సభ్యుల పేర్లు ఉండాలి. ప్రమాదకర ప్రక్రియ ఉన్న ఫ్యాక్టరీలో 250 మంది లేదా అంతకంటే ఎక్కువ పనిచేస్తుంటే సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరి, ఆయన్ను అడిగితే చెప్తారు. కార్మికుల ప్రతినిధి ఎవరో తెలుసుకుని ఆయనకు కూడా కాపీ ఇవ్వండి.

లేబర్_ఆఫీస్_మెట్లు
నాది ఒకే దిద్దుబాటు. ‘ప్రార్థన’ అన్న మాట రెండు చోట్లా తీసి ‘విజ్ఞప్తి’, ‘కోరుతున్నాను’ అని పెట్టండి. గౌరవం తగ్గదు, అడిగే హక్కు కనిపిస్తుంది. చివర ‘ప్రతులు: హెచ్ఆర్, సేఫ్టీ ఆఫీసర్, ఫిర్యాదుల పరిష్కార కమిటీ’ అని రాయండి. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద ఇన్‌వర్డ్ ముద్ర (ఉత్తరం ముట్టినట్టు వేసేది), తేదీ వేయించుకోండి. ముద్ర వేయడానికి ఒప్పుకోకపోతే అదే ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులో కంపెనీ చిరునామాకు పంపి రసీదు దాచుకోండి. 15 రోజులు చూసి జవాబు రాకపోతే కమిటీకి దరఖాస్తు ఇవ్వొచ్చు.

హెచ్ఆర్_కౌంటర్
ఇన్‌వర్డ్ కౌంటర్ షిఫ్టు మారే వేళ రద్దీగా ఉంటుంది. ఉదయం పది దాటాక వెళ్లమనండి. ఫోటోలు ప్రింట్ తీసి ఉత్తరానికి పిన్ను చేయాలి, ఫోన్‌లో చూపిస్తే ఫైలులోకి రావు. ప్రతి ప్రింటు వెనక పేరు, తేదీ రాయమనండి.

బాచుపల్లి_బస్‌స్టాప్
అలాగే. డ్రమ్ము లేబుల్ మీద 98 శాతం అని ఉందట, అది చేర్చాం. గమ్‌బూటు సైజు 8. రేపు ఉదయం పదిన్నరకు ఇస్తున్నాడు.